ఒక హీటరు, పద్నాలుగు మంది మెకానిక్కులు

ఆ రోజుల్లో, అంటే జేబుల్లో ఇంకా ఫ్లిప్ ఫోన్లు ఉన్న కాలంలో, నేను అమెరికాలో షామ్‌బర్గ్ అనే ఊళ్ళో కాంట్రాక్టు ప్రోగ్రామరుని. ఈ సంగతి కాగితం మీద పెట్టక తప్పడం లేదు. ఎవరింట్లో తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ విందు జరిగినా మా రూమ్మేటు దీన్ని చెప్పి చెప్పి మెకానిక్కుల సంఖ్యను నలభైకి చేర్చాడు. నిజానికి పద్నాలుగే.

నా కంప్యూటరు విద్యంతా టౌన్ లైబ్రరీ పెట్టిన భిక్ష. (పుస్తకాన్ని ఇంకెవరైనా తమకు కావాలని హోల్డ్ పెడితే సగంలోనే తిరిగిచ్చేయాలి. అందుకే చాలా విషయాల్లో నాది సగం పాండిత్యం.) ఇళ్ళలో హీటర్లు బాగుచేసే కంపెనీ మా క్లయింటు. వాళ్ళ వెబ్‌సైటులో మెకానిక్కును బుక్ చేస్తుంటే ‘సారీ, మళ్ళీ ప్రయత్నించండి’ అని వస్తోందని ఫిర్యాదు. శుక్రవారంలోగా తప్పు దొరక్కపోతే నా కాంట్రాక్టు ఆఖరు, దాని వెనకే వీసా. లైబ్రరీ పుస్తకంలో ఒక కిటుకు దొరికింది. సర్వరుకు వచ్చిన ప్రతి రిక్వెస్టునీ మళ్ళీ నడపడానికి వీలైన కమాండుగా లాగ్ అనే చిట్టాలో రాయించాలి. ఆ లైను కాపీ చేసి నల్ల తెరమీద పేస్ట్ చేస్తే, కస్టమరు నొక్కిన బటన్ని మనమూ అచ్చంగా నొక్కినట్టే. “తప్పుని సీసాలో బంధించానండీ” అని మేనేజరుగారికి చెప్పాను. (గుంటూరాయన. ఎప్పుడూ స్టేటస్ రిపోర్టు ధ్యాసే కాబట్టి వెనకాల ‘స్టేటస్‌గారు’ అనేవాళ్ళం.) “సీసా సంగతి సరేనయ్యా, ఫ్రైడే స్టేటస్‌లో ఏం రాయమంటావ్?” అన్నారాయన.

గురువారం ఒక పెద్దావిడ రిక్వెస్టు లాగ్‌లో దొరికింది. పేస్ట్ చేశాను. సారీ. కోడు మార్చి మళ్ళీ చేశాను. సారీ. అలా పదమూడుసార్లు. నేను కోడు మారుస్తున్నది నా కంప్యూటర్లో, కమాండు వెళ్తున్నది అసలు సర్వరుకి. (కమాండులో చిరునామా మార్చుకోవాలని తర్వాతి అధ్యాయంలో ఉందట. అప్పటికే పుస్తకం తిరిగిచ్చేశాను.) శుక్రవారం పొద్దున ఆవిడ ఇంటిముందుకి ఒకదాని వెనక ఒకటిగా పద్నాలుగు వ్యాన్లు వచ్చాయి. మిగతా ఊరు చలికి వణికింది.

“ఎవరు చేశారో పది నిమిషాల్లో తేలాలి” అన్నారు స్టేటస్‌గారు. నా అద్భుతమైన లాగ్‌లో పదమూడు లైన్ల పక్కన నా కంప్యూటరు పేరే ఉంది. రూమ్మేటుకి ఫోన్ చేశాను. “గా లైన్లు డిలీట్ కొట్టురా బై, ఎవనికి తెలుస్తది?” అన్నాడు. వాటిని సెలెక్ట్ చేశాను కూడా. అప్పుడు తట్టింది: ఆవిడ సారీ ఒకటి, నావి పదమూడు, పద్నాలుగు సారీలకి పద్నాలుగు వ్యాన్లు. అంటే బుకింగు ప్రతిసారీ అయింది. లైన్లు చెరిపేస్తే నా తప్పుతోపాటు అసలు తప్పేమిటో చూపే రుజువూ పోతుంది. వెళ్ళి ఒప్పుకున్నాను.

“అంటే బుకింగ్ అవుతానే ఉంది, పేజీయే అబద్ధం చెప్తోందంటావ్?”

“అవునండీ.”

“సరే, సర్వరు ఎన్ని బుకింగులు తట్టుకుంటుందో కావాలనే చూశామని, స్టేటస్‌లో లోడ్ టెస్టింగ్ అని రాస్తాను. నువ్వు మాత్రం నోరు తెరవమాక.”

కాంట్రాక్టు మరో మూడు నెలలు పొడిగించారు. ఇప్పుడు నేనూ స్టేటస్‌లు రాసేవాణ్ణయ్యాను, ‘లోడ్ టెస్టింగ్’ లాంటి మాటలు నాకూ అలవోకగా వస్తున్నాయి. ఒప్పుకోవడానికి వెళ్ళిన ఆ కుర్రవాడంటే కాస్త అసూయ. స్టేటస్‌గారికి, డిలీట్ సలహా ఇచ్చిన రూమ్మేటుకి కృతజ్ఞతలు. అందరికన్నా ఎక్కువగా ఆ పెద్దావిడకి, అదే మా కాఫీ బామ్మకి. మొదటి మెకానిక్కు హీటరు బాగుచేసి వెళ్ళాక వచ్చిన పదమూడు మందికీ కాఫీ ఇచ్చి, ‘ఇంత శ్రద్ధగల కంపెనీని నా జీవితంలో చూడలేదు’ అని కంపెనీకి రాసి పంపింది. నా పనికి అంత మనస్ఫూర్తి మెప్పు మళ్ళీ దొరకలేదు.