పక్కతెర వెనక యజ్ఞనారాయణ

యజ్ఞనారాయణ గారు ఇరవయ్యేళ్ళకు పైగా నాటకాల్లో ఉన్నారు. అయినా ఆయన్ని రంగస్థలం మీద చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆయన ప్రాంప్టరు. పక్కతెర వెనక నిలబడి, నటులు మాట మరిచిపోతే ప్రేక్షకులకు వినపడకుండా అందించే మనిషి. కుర్రతనంలో వేషం కోసమే వెళ్ళారు. దర్శకుడు విని, "నీ గొంతు మూడో వరస దాటదయ్యా. పక్కనున్నవాడికి మాత్రం గంట కొట్టినట్టు వినిపిస్తోంది. ఆ తెర వెనక నిలబడు" అన్నాడు. ఆయన నిలబడ్డారు. తెనాలి నుంచి విద్యుత్ శాఖలో గుమాస్తా ఉద్యోగానికి హైదరాబాదు వచ్చాక కూడా, పగలు ఆఫీసు, సాయంత్రం నాటక సమాజం. ఇప్పుడు రిటైరై, కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో భార్య రాజరాజేశ్వరితో ఉంటున్నారు.

ఒక ఆదివారం వాళ్ళింటికి హరిత అనే అమ్మాయి వచ్చింది. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నిజాంపేటలో అపార్టుమెంటు. ఒకప్పటి నటి కనకలక్ష్మి కూతురినని చెప్పగానే యజ్ఞనారాయణ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆ సమాజం నాటకాలన్నిటిలోనూ కథానాయిక ఆవిడే.

"అమ్మకి మతిమరుపు జబ్బు అంకుల్. నన్నే ఒక్కోసారి, ఎవరమ్మా నువ్వు, మేకప్ చేయడానికొచ్చావా అంటోంది" అంది హరిత. "పొద్దు వాలితే చాలు, సంచీ సర్దుకుని తలుపు దగ్గర కూర్చుంటుంది. ఈ ఊళ్ళో ఎందుకు దింపారు మనల్ని, సరస్వతీ విలాస్‌కి పోదాం పదండి అంటుంది. పదో అంతస్తు కదా, కిటికీలోంచి క్రేన్లూ టవర్లూ చూసి భయపడిపోతుంది. ఆ సరస్వతీ విలాస్ ఏమిటో మీకు తెలుసునా?"

తెలియకేం. నాంపల్లి స్టేషనుకు ఎదురు సందులో రెండంతస్తుల పాత హోటలు అది. యజమానికి నాటకాల పిచ్చి. కోస్తా నుంచి ఏ సమాజం వచ్చినా అక్కడే విడిది. హార్మోనిస్టులు, తెరలు రాసే చిత్రకారులు, పద్యాలు పాడే నటులు నెలల తరబడి ఆ గదుల్లో ఉండేవారు. మేడమీద చెక్క నేల వేసిన పెద్ద హాలు రిహార్సళ్ళకని విడిగా ఉంచాడు. మెట్ల పక్క గోడంతా వేషాల్లో ఉన్నవాళ్ళ ఫోటోలే.

"ఉంది, ఇంకా ఉంది. ఇప్పుడు ఆస్పత్రికొచ్చిన రోగుల తాలూకు జనం దిగుతున్నారని విన్నాను" అన్నారాయన.

"ఒక్కరోజు తీసుకెళ్ళి ఉంచుదామనుకుంటున్నాను. కొత్త చోటైతే ఇంకా కంగారుపడుతుందేమోనని డాక్టరుగారు అన్నారు. మీరు పక్కన ఉంటే..."

ఆయన సందేహిస్తూ భార్య వైపు చూశారు. రాజరాజేశ్వరి కాఫీ గ్లాసులు తీస్తూ, "ఆవిడ కాశీ తీసుకెళ్ళమనలేదు కదండీ. నాంపల్లి. వెళ్ళిరండి" అంది.

ఆయన సందేహం వేరు. ఆ హోటలుతో కనకలక్ష్మికి ఉన్న బంధంలో ఒక చావు కూడా ఉంది.

కనకలక్ష్మిని పెంచిందీ, పాట నేర్పిందీ, రంగం ఎక్కించిందీ చీరాలలో ఉన్న ఆమె తండ్రి. సమాజం 'సున్నపు బట్టీ' అనే సాంఘిక నాటకం ఆడుతున్న రోజులవి. బట్టీలో పడి మొగుడు చనిపోతే, యజమాని గుమ్మంలో నిలబడి నిలదీసే సూరమ్మ వేషం ఆమెది. ప్రదర్శన రోజు మధ్యాహ్నం హోటలు కౌంటరు మీది ఫోను మోగితే, దగ్గర్లో ఉన్న యజ్ఞనారాయణే ఎత్తారు. తండ్రి పోయాడని చీరాల నుంచి కబురు. సమాజం కార్యదర్శి ఆయన్ని పక్కకు లాగి, "నాటకం అయ్యేదాకా నోరు విప్పకు" అన్నాడు.

ఆయన మెట్లమీద చాలాసేపు కూర్చున్నారు. తండ్రి పోయిన సంగతి చీరాలలో అందరికీ తెలిసి, కూతురొక్కదానికే తెలియకుండా ఆమె మొహానికి రంగు పూస్తుంటే చూస్తూ ఊరుకోవడం ఆయనకు చేతకాలేదు. పైకి వెళ్ళి చెప్పేశారు.

కనకలక్ష్మి ఏడవలేదు. "చీరాలకి బండి ఎప్పుడు?" అని మాత్రం అడిగింది. నాటకం ముగిశాక గాని లేదు. "అయితే ఆడే వెళ్తాను. నాన్నైనా అదే అంటారు" అంది.

తీరా రంగం మీదికి వచ్చాక ఒక్క మాటా గుర్తు రాలేదామెకు. నడుచుకుంటూ పక్కతెర దగ్గరికి వచ్చి నిలబడింది. యజ్ఞనారాయణ గారు సూరమ్మ మాటలన్నీ వాక్యం వెంట వాక్యం అందించారు. ఆమె విని, ఆగి, పలికింది. ఆ ఆగడమే గొప్ప నటన అనుకుని జనం కళ్ళు తుడుచుకున్నారు. కార్యదర్శి మాత్రం ఆ తర్వాత చాలాకాలం యజ్ఞనారాయణతో మాట్లాడలేదు.

మళ్ళీ ఆ మనిషిని ఆ చోటికే తీసుకెళ్ళడం మంచిదేనా అన్నది ఆయన బెంగ.

సరస్వతీ విలాస్‌లో కౌంటరు చూసుకుంటున్నది వీరేశం. నార్సింగి మనిషి, వయసులో ఉన్నప్పుడే అక్కడ పనికి కుదిరాడు. కారు దిగుతున్న కనకలక్ష్మిని చూసి చేతులు జోడించాడు.

"అమ్మా, మంచిగున్నరా? మీ గదే ఇచ్చిన, తూర్పు దిక్కుది. జర మెట్లు చూసుకొని ఎక్కున్రి."

ఆవిడ అతన్ని గుర్తుపట్టలేదు గాని, దారి ఎవరినీ అడగలేదు. చెక్క రెయిలింగు పట్టుకుని మెట్లెక్కి, వరండా తిరిగి, తన గది ముందు ఆగింది. మంచంమీద కూర్చుని అటూ ఇటూ చూసి, "హమ్మయ్య" అంది. అలాగే పడుకుని నిద్రపోయింది. అమ్మ ఇంత నిమ్మళంగా పడుకోవడం చూసి ఎన్నాళ్ళైందో అని హరిత గుసగుసగా అంది.

వీరేశం టీలు తెచ్చి వరండాలో పెట్టాడు. "వచ్చే నెలకెళ్ళి బంద్ వెడ్తున్నరు సార్. మా సేటు కొడుకులు అమ్మిన్రు. మీరు మంచి టైముకే వచ్చిన్రు."

"మేడమీది హాలు?"

"గట్లనే ఉన్నది. పాత మంచాలు పడేసిన్రు. తాళం తీస్త సార్."

ఎండ తగ్గుముఖం పడుతుండగా కనకలక్ష్మి లేచింది. మొహం కడుక్కుని, పౌడరు రాసుకుని, ముడి వేసుకుని బయటికొచ్చి, వరండాలో ఉన్న యజ్ఞనారాయణను చూసింది. పొద్దున కారులో పక్కనే కూర్చున్న మనిషిని అప్పుడే చూసినట్టు నవ్వింది.

"నారాయణ గారూ, అందరూ వచ్చారా? మొదలెడదామా?"

ఆయన తల ఊపి, పైకి దారి చూపించారు.

హాల్లో మంచాలు గోడకు చేరవేసి ఉన్నాయి. వీరేశం కిటికీలు తెరిస్తే దుమ్ములోంచి ఎండ ఏటవాలుగా పడింది. స్టేషనులో ఏదో బండి వస్తోందని మైకు చెబుతోంది. కనకలక్ష్మి నడుచుకుంటూ వెళ్ళి చెక్క నేల మధ్యన నిలబడింది. యజ్ఞనారాయణ గారు ఎవరూ చెప్పకుండానే తలుపు రెక్క చాటుకు వెళ్ళారు. హరిత గోడకు ఆనుకుంది.

"దొరా! నా మొగుడు నీ బట్టీలో సున్నమైపోయాడు..."

ఆ గొంతు విని హరిత ఉలిక్కిపడింది. ఇంట్లో నీళ్ళు కావాలని కూడా సరిగా అడగలేని మనిషి గొంతు కాదది.

కనకలక్ష్మి ఆగింది. తల కొంచెం ఎడమకు వంచింది.

"నువ్వు కట్టించిన..." అన్నారు తలుపు చాటునుంచి.

"నువ్వు కట్టించిన మేడగోడ ముట్టుకుంటే నా చెయ్యి కాలుద్ది! ఏటేటా వెల్ల వేయించుకుంటావే, ఆ తెలుపులో ఆడి ఎముక ఎంతుందో ఎప్పుడన్నా చూసుకున్నావా?"

కొంతదూరం మొదటి రెండు మాటలు అందిస్తే చాలింది. తర్వాత సగం వాక్యం, ఆ తర్వాత వాక్యమంతా. చివరికి ఆమె పెదవులు కదులుతున్నాయి గాని మాట పైకి రావడం లేదు. ఆయన ఆపేశారు. వెళ్ళి చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టారు.

ఆవిడ రొప్పుతూ ఆయన్ని దగ్గరికి పిలిచింది. "ఇందాక కింద ఫోను మోగింది. చీరాల నుంచేనా? నాన్నకెలా ఉందట?"

హరిత ఆయన మొహంలోకి చూసింది.

"కాదండీ. అది ఇంకెవరికో" అన్నారు యజ్ఞనారాయణ గారు. "మీ నాన్నగారు కులాసాగా ఉన్నారట."

"అయితే రేపు ఆటకొస్తారు" అంది కనకలక్ష్మి తృప్తిగా. ఆమెకు ఆకలేసింది. కింద వీరేశం తెప్పించిన ఇడ్లీలు తనే తుంచుకుని తిన్నది.

వరండాలో హరిత కళ్ళు తుడుచుకుంటూ నిలబడింది. అప్పటి సంగతి ఆయన అంతా చెప్పారు.

"ఆవేళ దాచివుంటే ఆవిడ దుఃఖాన్ని దొంగిలించినట్టయ్యేదమ్మా. ఇవాళ చెబితే ఆ తండ్రి కొత్తగా పోతాడు. రేపు మరిచిపోతుంది, మళ్ళీ అడుగుతుంది, మళ్ళీ పోతాడు. ఎన్నిసార్లు మోయగలదు?"

"నాకిది తట్టలేదంకుల్. తాతయ్య ఎప్పుడో పోయాడని రోజూ సరిదిద్దుతున్నాను" అంది హరిత.

మర్నాడు నిజాంపేటకు తిరిగొచ్చేశారు. ఆ వారమంతా కనకలక్ష్మి సంచీ సర్దలేదు. తర్వాత మళ్ళీ మొదలుపెట్టింది. సరస్వతీ విలాస్‌కు తాళం పడింది. వీరేశం సొంత ఊరికే వెళ్ళిపోయి, ఒకప్పుడు జొన్నచేను ఉన్నచోట లేచిన అపార్టుమెంటు గేటు దగ్గర కాపలా కూర్చుంటున్నాడు.

యజ్ఞనారాయణ గారు ప్రతి ఆదివారం నిజాంపేట వెళ్తారు. సూరమ్మ మాటలు ఎంత అందించినా ఆవిడ ఇప్పుడు అందుకోదు. అందుకని పక్కన కూర్చుని దినపత్రిక చదివి వినిపిస్తారు. వాన కబుర్లు, కూరగాయల ధరలు, ఎవరి పెళ్ళి ప్రకటనో. ఆవిడకు ఏం అర్థమవుతుందో ఎవరికీ తెలియదు. మొన్న 'ధర్మాసనం' అన్న మాట దగ్గర చెయ్యి ఎత్తి ఆపింది.

"ఒత్తు సరిగా పలకండి మాస్టారూ" అంది.

ఆయన కళ్ళజోడు సర్దుకుని, ఆ వాక్యం మొదటినుంచి మళ్ళీ చదివారు.