పంకజాక్షి మేడం రోజూ అడిగే ప్రశ్న

పంకజాక్షి పుత్తూరులో బట్టల కొట్టు నడిపేవాళ్ళ ఇంట్లో పుట్టింది. ఆ ఇంట్లో ఏ సంగతైనా పెద్దవాళ్ళే తేల్చేవాళ్ళు. ఆమె జడకు ఏ రంగు రిబ్బను కట్టాలో కూడా వాళ్ళ నాయనే చెప్పేవాడు. నీకేం కావాలమ్మా అని ఎవరూ అడగలేదు, అడగాలని వాళ్ళకు తోచనూ లేదు. అందుకేనేమో, టీచరయ్యాక ఆమెకు పిల్లల్ని అడగడమంటే మహా ఇష్టం.

వడమాలపేట దగ్గరి ఒక పల్లె బడిలో ఆమె ఐదో తరగతికి చెబుతుంది. ఆ ఏడు వచ్చిన పిల్లలకు నోటికంటే ముందు చెయ్యి లేచేది. ఆమె నీతులు చెప్పి చూసింది. పిల్లలు బుద్ధిగా తలలూపి, గంట కొట్టగానే మళ్ళీ జుట్లు పట్టుకున్నారు. దాంతో ఒక పొద్దున ఏమీ మాట్లాడకుండా బోర్డు మీద రాసింది: ‘నిన్న నీకెవరు సాయం చేసినారు? నువ్వెవరికి చేసినావు?’

రోజుకో ప్రశ్న. కాసేపు ఎవరి జవాబు వాళ్ళు రాసుకోవాలి. తప్పులు దిద్దేది లేదు, మార్కులు లేవు. ఇష్టమైనవాళ్ళు పైకి చదవచ్చు. మొదట్లో ‘ఎవరూ చేయలేదు’ అని రాసి ఊరుకునేవాళ్ళు. రానురాను, రాయడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అని ఒకరికొకరు నీళ్ళసీసాలు అందించుకోసాగారు. అది చూసి ఆమెకు నవ్వొచ్చింది, కళ్ళూ చెమర్చాయి.

వానలు పట్టుకున్న రోజుల్లో ఒక వీధికుక్క బడి వరండా చివర, కట్టెల చాటున పిల్లల్ని పెట్టింది. హెడ్మాస్టరు గంగాధరం చూసి, “పంచాయతీ వాళ్ళకు చెప్తానమ్మా, ఎత్తుకపోతారు” అన్నాడు.

“ఒక్కరోజు ఆగండి సార్. పిల్లోళ్ళను అడుగుతాను.”

“దీనికి కూడా పిల్లోళ్ళను అడిగేదేందమ్మా!” అన్నాడు కానీ ఆగాడు.

ఆ పొద్దుటి ప్రశ్న అదే: ‘కుక్కపిల్లల్ని ఏం చేద్దాం? ఎందుకు?’

దాదాపు తరగతంతా ‘ఈడనే పెట్టుకుందాం’ అని రాసింది. మునికుమార్ అయితే వాటికి పేర్లు కూడా పెట్టేశాడు. తన అన్నంలో సగం తల్లికుక్కకు పెట్టేది వాడే. పంకజాక్షి మనసులో కూడా అదే ఉంది. ఇంతలో లోహిత లేచింది. ఆ పిల్ల ఎప్పుడూ పైకి చదివింది లేదు.

“నాకు భయం మేడం. పోయినేడు కుక్క కరిచింది. ఈడ కుక్క ఉంటే నేను బడికి రాను” అని చదివి, గబుక్కున కూర్చుంది.

“ఇది కరవదు లోహితా! నేను రోజూ పట్టుకుంటా ఉండా” అన్నాడు మునికుమార్.

“నిన్ను కరవదు. నన్ను సూసి అరస్తాది.”

ఎవరో కిసుక్కున నవ్వారు. పంకజాక్షి అటు చూసేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. భయపడొద్దమ్మా అని లోహితకు చెప్పబోయి, ఆమె తమాయించుకుంది. చిన్నప్పుడు తనతో ఇంట్లో అందరూ అలాగే అనేవాళ్ళు. బోర్డు తుడిచి ఇంకో ప్రశ్న రాసింది: ‘మనకు ఇష్టమైంది ఇంకొకరికి భయమైతే ఏం చేయాలి?’

ఈసారి పిల్లలు చాలాసేపు రాశారు. మునికుమార్ రాస్తూ కొట్టేస్తూ, పెన్సిలు కొరుకుతూ కూర్చున్నాడు. చివరికి లేచి, కాగితం చూడకుండానే అన్నాడు: “మా మామిడితోపులో కొట్టం ఉండాది మేడం. మా అవ్వనడుగుతా. కుక్కలు యాడైనా బతుకుతాయి. లోహితకు బడి ఈడనే కదా ఉండేది.”

పంకజాక్షి వాడి భుజం మీద చెయ్యి వేసింది.

అవ్వ నిర్మలమ్మ మొదట గొణిగింది, తర్వాత తనే కొట్టంలో గోనెసంచి పరిచింది. మర్నాడు సాయంత్రం కుక్కపిల్లల్ని గంపలో పెట్టుకుని మునికుమార్ ముందు నడిచాడు. తల్లికుక్క గంపనే చూసుకుంటూ వాడి వెంట పోయింది. తరగతంతా కదిలింది. అందరికంటే వెనక, పంకజాక్షి కొంగు పట్టుకుని లోహిత.

తోపు కంచె దగ్గర లోహిత ఆగిపోయింది. మునికుమార్ తల్లికుక్కను రెండు చేతులా పొదివి పట్టుకుని కేకేశాడు: “లోహితా, గట్టిగా పట్టుకోని ఉండా. రా, సూడు!”

“ఈడనుంచే అగపడతాండాయి. బాగుండాయి” అంది లోహిత.

రమ్మని ఇంకెవరూ బలవంతపెట్టలేదు. పంకజాక్షి కూడా లోపలికి పోకుండా, ఆ పిల్లతో పాటు కంచె ఇవతలే నిలబడింది.