ఏ నూకరత్నం?

ఆ రోజుల్లో మనుషుల మొహాలు సగమే కనిపించేవి. కరోనా మాస్కుల కాలం. మాకు మాత్రం అది కొత్త కాదు. అచ్యుతాపురం వైపు ఒక రొయ్యల కంపెనీలో రొయ్యల తలలు తీసే ఆడవాళ్లం, అంతకు ముందు నుంచే టోపీ, మాస్కు, గ్లౌజులు, మోకాళ్ల దాకా బూట్లు వేసుకుని, కళ్లు తప్ప ఏమీ కనబడకుండా ఐసు నీళ్ల ముందు నిలబడేవాళ్లం. ముప్పై దాటాక దొరికిన మొదటి ఉద్యోగం అది. (అక్షరాలు ఇంకా ఆలస్యంగా దొరికాయి. అందుకే ఈ సంగతి ఇప్పుడు రాస్తున్నాను.) మా ఆయన చెరకు లోడు మీంచి పడి నడుం పట్టేసి మంచం మీద ఉన్నాడు. ఇల్లు నా జీతం మీదే నడిచేది.

నా పేరు నూకరత్నం. అనకాపల్లి చుట్టుపక్కల నూకాలమ్మ తల్లికి మొక్కుకోని ఇల్లు లేదు, మొక్కుకున్నాక వేరే పేరు పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. కంపెనీలో మా లైనులోనే నలుగురు నూకరత్నాలం. మా అత్తగారి పేరూ అదే. (కన్నతల్లి పేరుతో పెళ్లాన్ని ఎలా కేకేస్తానని మా ఆయన నన్ను 'ఇదిగో' అని పిలుస్తాడు.) కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు విజయవాడ వైపు మనిషి, ఇదంతా అతనికి తెలియదు. ఒకరోజు రాంబిల్లి నుంచి వచ్చే నూకరత్నం బాత్రూముకు వెళతానంటే వెళ్లనివ్వలేదు. మళ్లీ అడిగితే మళ్లీ వెళ్లనివ్వలేదు. ఆ తరవాత ఆమె అడగలేదు, తిట్టింది. ఏమని తిట్టిందో రాయడానికి నేను నేర్చుకున్న అక్షరాలు చాలవు. సాయంత్రం అతను గేటు దగ్గర "రేపటి నుంచి నూకరత్నాన్ని లోపలికి రానివ్వొద్దు" అని చెప్పి వెళ్లాడు. మర్నాడు కంపెనీ బస్సులోంచి అందరికంటే ముందు దిగిన నూకరత్నాన్ని నేను. (వెనక సీట్లో కూర్చుంటే నాకు వాంతులవుతాయి.) వాచ్‌మన్ నన్ను ఆపేసి, ఇక తన పని అయిపోయిందనుకుని మిగతా ముగ్గురినీ పంపేశాడు. రాంబిల్లి నూకరత్నం లోపలికి వెళుతూ నన్ను చూసి తల దించుకుంది. సూపర్‌వైజరు దగ్గర మొత్తుకుంటే, "తిట్టినవాళ్లందరూ మర్నాడు నేను కాదనే అంటారు" అన్నాడు.

మా వీధి చివర టైలరు భాయ్ దగ్గరికి వెళ్లాను. ఆయన తమ్ముణ్ణి ఒకప్పుడు లారీ ఆఫీసువాళ్లు తీసేస్తే, భాయే పోట్లాడి మళ్లీ పనిలో చేర్పించాడు. అప్పటి నుంచీ వీధి మొత్తానికి ప్లీడరు భాయే.

"తిట్టిందెవరో తెలుసా అమ్మా?"

"తెలుసు భాయ్."

"అయితే పేరు చెప్పెయ్. పని ఖతం."

"పేరు సెప్తే నా పేరే గదా భాయ్."

భాయ్ కత్తెర పక్కన పెట్టాడు. "అరె, అదీ నిజమే. ఊరు చెప్పు మరి."

"సెప్పను. దానికి సంటిపిల్లలున్నారు. ఉన్న పని పోతే అదేటి తింటాది?"

"మరి నువ్వేం తింటావు?"

భాయ్ మళ్లీ కత్తెర అందుకున్నాడు. "సరే. నువ్వేమీ చెప్పొద్దు. లేబర్ ఆఫీసుకు వెళ్లు. ఎవరు తిట్టారో చూపించాల్సింది తిట్లు తిన్నాయన. ఒక్కదానివే వెళ్లకు, చెయ్యి నీవైపే చూపిస్తాడు. పక్కన ఇంకో ఆడమనిషిని నిలబెట్టుకో."

పని మానుకుని నా పక్కన నిలబడే ఆడమనిషి దొరకలేదు. మా అత్త బయల్దేరింది.

"నాను రాకుండా నువ్వేటి మాటాడతావే? ఆపీసు గుమ్మం సూత్తే నోరు పడిపోద్ది నీకు."

"నువ్వేటీ మాటాడకత్తా. నిలబడితే సాలు."

"నిలబడతాను. నానేటంటాను?"

నా ఫిర్యాదు మీద లేబర్ ఆఫీసుకు సూపర్‌వైజరునీ పిలిపించారు. ఆఫీసరమ్మ "నూకరత్నం ఎవరు?" అంది. ఇద్దరం లేచాం. ఆమె మా ఇద్దర్నీ చూసి, సూపర్‌వైజరు వైపు తిరిగి, "వీళ్లలో మిమ్మల్ని తిట్టిందెవరు?" అంది. మా అత్త తలనిండా ముసుగు, కింద మాస్కు. అతను ఏమాత్రం తడుముకోకుండా ఆమెను చూపించాడు.

"ఈవిడే మేడమ్. ఈ కళ్లు జన్మలో మరిచిపోలేను."

మా అత్త మాస్కు కిందికి లాగింది. నోట్లో ముందు పళ్లు లేవు. "ఏటి బాబూ, నాను తిట్టేనా? ఇంకా తిట్టలేదు. ఇప్పుడు తిడతాను, ఇనుకో" అంది. విన్నాడు. అందరం విన్నాం. ఆఫీసరమ్మ ఆపమనలేదు, ఫ్యాను వైపు చూస్తూ కూర్చుంది. అంతా అయ్యాక, "ఈవిడ మీ కంపెనీలో ఎప్పుడు చేరారండీ?" అని మాత్రం అతన్ని అడిగింది.

సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నారు. (నన్ను. అత్తను కాదు.) ఆ సోమవారం అన్నాల వేళ రాంబిల్లి నూకరత్నం నా అన్నం మీద వేయించిన నెత్తళ్లు పెట్టి వెళ్లిపోయింది. ఎందుకని అడక్కుండా నేనూ తినేశాను.

లేబర్ ఆఫీసుకు వెళ్లిన రోజు ఆటోలో తిరిగి వస్తున్నప్పుడు, కేసంతా నా ధైర్యంతోనే గెలిచినట్టు వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాను. ఆఫీసులో ఒక్క మాటైనా మాట్లాడని నన్ను నేను ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఊరు దగ్గర పడ్డాక మా అత్త అడిగింది.

"ఏటే, ఆడు నిజంగానే అన్నాడేటే? నా కళ్లు మరిసిపోలేనని?"

"అన్నాడత్తా."

"అంత బావుంటాయేటే?"

ఆటో కుదుపుల మధ్యే వంగి, దగ్గరగా చూశాను. ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో ఉన్నా, ఆమె కళ్లు పనిగట్టుకుని చూడటం అదే మొదలు.

"బావున్నాయత్తా."

ఆమె మాస్కు పైకి లాక్కుని, కళ్లు మాత్రమే కనబడేలా ముసుగు సర్దుకుని, ఇంటికి చేరేదాకా తియ్యలేదు.