నాన్నమ్మ విన్న విమానం

దెయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. దీన్ని మీరు నమ్మాలని కూడా చెప్పడం లేదు. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

మాది అద్దంకి దగ్గర పల్లె. మిరప వేస్తాం. మా నాన్నమ్మకు తొంభై దగ్గరపడ్డాయి. పదేళ్లుగా రెండు చెవులూ వినపడవు. మన పెదాలు చూసి మాట అర్థం చేసుకుంటుంది.

రెండేళ్ల కిందట, మార్చి నెలలో ఒక మధ్యాహ్నం. పొలం పక్కనే కల్లంలో కాయలు ఆరబోశాం. నాన్నమ్మ నీడన కూర్చుని తెల్లబారిన తాలుకాయలు ఏరుతోంది. ఉన్నట్టుండి తల పైకెత్తింది.

"ఇంజను ఆగిపోయిందిరా. పడిపోతున్నాడు" అంది.

ఆకాశంలో ఏమీ లేదు. నాకు ఏ చప్పుడూ వినపడలేదు. నేను లేచేలోపే నా నీళ్ల సీసా తీసుకుని చేలోకి నడిచింది. చేతికర్ర లేకుండా గుమ్మం దాటని మనిషి.

వెనకాలే పరిగెత్తాను. కోతకు వచ్చిన ఆడవాళ్లు అప్పటికే పని ఆపి పైకి చూస్తున్నారు.

"మస్తానన్నా, ఏదన్నా విమానం పడిందా? మోత వచ్చి టక్కున ఆగిపోయింది" అని నన్ను అడిగింది వాళ్ల మేస్త్రి సుబ్బులు.

నాన్నమ్మ చేను చివర గట్టు పక్కన చతికిలపడింది. ఎవరి తలో పట్టుకున్నట్టు ఎడమ చెయ్యి ఎత్తి, కుడిచేత్తో సీసా వంచింది.

"తాగు నాయనా. మెల్లగా తాగు."

నిండు సీసా నా కళ్లముందే ఖాళీ అయింది. కింద మట్టి తడిమి చూశాను. పొడిగా, వేడిగా ఉంది. ఆమె చీర కూడా తడవలేదు. సుబ్బులు కూడా వంగి మట్టి ముట్టుకుంది.

ఇంటికొచ్చాక నాన్నమ్మ మొదటిసారి చెప్పింది. తనకు పదిహేనేళ్లప్పుడు అదే చేలో చిన్న విమానం కూలిందట. సొంత విమానం ఉన్నవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమంది కూడా లేని రోజులు. నడుపుకుంటూ వచ్చిన ఆయన ఒళ్లంతా నెత్తురుతో పడి ఉన్నాడట. నోటి దగ్గర చెయ్యి పెట్టి నీళ్లు అడిగాడట.

"బిందె చంకలోనే ఉందిరా. ఆ మంటా నెత్తురూ చూసి కాళ్లు కదల్లేదు. పెద్దవాళ్లు వచ్చేసరికి పోయాడు."

ఈ సంగతి మా నాన్నకు కూడా తెలియదు. ఊళ్లో ఒక ముసలాయన మాత్రం, విమానం పడింది నిజమే, ఆ గట్టు పక్కనే అన్నాడు.

నాన్నమ్మది పాత జ్ఞాపకం అనుకోవచ్చు. కోతవాళ్లు విన్న మోత ఏ లారీదో అని సర్దుకోవచ్చు. ఆ నీళ్లు ఎటు పోయాయో మాత్రం ఈ రోజుకీ నాకు తెలియదు.