పార్లమెంటులో బయటికి దావ

ఆళ్లగడ్డ ఓబుళరెడ్డి ఏ కట్టడంలో కాలుపెట్టినా మొదట అడిగేది బయటపడే దారే: "బయటికి దావ యాడ?"

కొడుక్కి జాహ్నవిని చూడ్డానికి నంద్యాలకు వచ్చిన రోజు కూడా పిల్ల చదువేమిటో, వంట వచ్చో రాదో అడగలేదు. కాఫీ గ్లాసు అందుకుంటూనే, "బావా, ఇంటికి ఎనక వాకిలుండాదా?" అన్నాడు. ఉందని విన్నాకే తాగాడు. జాహ్నవి తండ్రికి అనుమానం తగిలింది. "ఎవురికన్నా బయపడి తిరుగుతాండాడేమో, కనుక్కోండప్పా" అని ఆళ్లగడ్డకు మనుషుల్ని పంపాడు.

సినిమాహాల్లో ఆయనకు తలుపు పక్క సీట్లే కావాలి. అక్కణ్ణుంచి హీరో సగమే కనిపిస్తాడు. "మిగతా సగం ఇంగోసారి చూస్తాలే" అనేవాడు. భార్య ప్రమీలను మాత్రం తలుపుకు తనకన్నా దగ్గరగా కూర్చోబెట్టేవాడు.

"ఏం జేద్దామమ్మీ, మీ మామది పిరికి గుండె" అని ఆమె కోడలితో నవ్వేది.

అలాంటి మనిషిని వేసవి సెలవుల్లో ఢిల్లీకి తీసుకుపోయే పని జాహ్నవి మీద పడింది. భర్త గిరీశ్‌కు సెలవు దొరకలేదు. పాత పార్లమెంటు చూడాలని అత్త కోరిక. అక్కడ పోలీసులు, సోదాలు, తుపాకులు. వాళ్ల ముందు ఈయన బయటికి దావ అడిగితే? రైలెక్కినప్పటి నుంచీ జాహ్నవికి గుబులే.

"మామా, లోపల ఆ మాట అడగొద్దు. అనుమానిస్తారు."

"నేనేం అడుగుతానమ్మీ? నోరే తెరవను."

గుమ్మం దాటగానే తెరిచాడు.

"ఇదేందమ్మీ, గుండ్రంగా కట్నారు! యాడ జూసినా అవే స్తంభాలు. మనం వచ్చిన వాకిలేది?"

తుపాకీ పట్టుకున్న జవాను ఇటు తిరిగాడు. జాహ్నవి గబుక్కున మామ చెయ్యి పట్టుకొని ముందుకు నడిపించింది.

సెంట్రల్ హాల్లో గైడు, రాజ్యాంగం రాసిన పెద్దలు కూర్చున్నది ఇక్కడేనని హిందీలో చెబుతున్నాడు. ఓబుళరెడ్డి నంద్యాల బజారు ఉర్దూలో అడ్డుపడ్డాడు. "అంతా బాగుంది భాయ్. రాసినాక ఆ పెద్దలు బయటికి ఏ దావన పోయినారు?"

అందరూ ఘొల్లున నవ్వారు. గైడు నవ్వుతూ ఓ తలుపు చూపించాడు. అంతలో మరో రెండు గుంపులు వచ్చి హాలు కిక్కిరిసింది.

"నాకు ఊపిరాడ్డం ల్యా! తప్పుకోండప్పా!" అని ఓబుళరెడ్డి ఒక్క కేక పెట్టాడు. జవాన్లు పరిగెత్తుకొచ్చారు. ఇక జైలే అనుకుంది జాహ్నవి. కానీ వాళ్లు జనాన్ని పక్కకు జరిపి ముగ్గురినీ ఆ తలుపు గుండా బయటికి చేర్చారు.

చెట్టు నీడన ఒక జవాను నీళ్లసీసా ఇచ్చాడు. ఓబుళరెడ్డి తాగలేదు. ప్రమీల చేతిలో పెట్టాడు. అప్పుడు చూసింది జాహ్నవి. అత్త ముఖం పాలిపోయి ఉంది, ఒళ్లంతా చెమట. మామ నిక్షేపంగా ఉన్నాడు.

జాహ్నవి ఆయన్ను పక్కకు పిలిచింది. "మామా, ఊపిరాడనిది మీకా, అత్తకా?"

"నాకే" అన్నాడాయన. మళ్లీ గొంతు తగ్గించి, "ఆమెకని పదిమందికీ తెలిస్తే ఇంగ గడప దాటదమ్మీ. నన్ను జూసి నవ్వుకుంటే నాకేం పోయె? ఆమె ఊర్లన్నీ చూస్తాంది గదా."

గైడు వెతుక్కుంటూ వచ్చాడు. ఇంకా చూడాల్సినవి చాలా ఉన్నాయి, రండి అన్నాడు. ప్రమీల సీసాను ఒళ్లోకి లాక్కొని చెట్టుకు ఒదిగింది. మామ నోరు తెరిచేలోగా జాహ్నవి ముందుకొచ్చింది.

"వద్దు సార్. గుండ్రటి కట్టడాలంటే నాకు బయం. తల తిరుగుతాంది."

ఓబుళరెడ్డి కోడలి భుజం తట్టాడు. ప్రమీల ముఖం మెల్లగా తేటపడింది. ఆమె లేచి చీర దులుపుకుంది.

"ఒగరు చాలరని నువ్వు గూడానా! ఇద్దరు పిరికోళ్లతో నేనెట్ల ఏగాల సామీ!" అంటూ ఇద్దరి చేతులూ పట్టుకొని ధైర్యంగా గేటువైపు నడిపించుకుపోయింది.