భాస్కరం గారి వినికిడి

పోయిన శనివారం నేనుండే ఊరు క్యారీలో కారు బాగుచేయించుకోవడానికి వెళ్ళాను. డ్రైవర్ వైపు తలుపులో, అంటే ఈ దేశంలో ఎడమ తలుపులో, స్పీకర్ బొంగురుపోయి చాలా రోజులైంది. మెకానిక్ కొత్తది బిగించి, పనిచేస్తోందో లేదో చూడటానికి ధ్వనినంతా ఎడమ వైపుకు తిప్పాడు. కారులో ఉన్నది నా పాత సీడీయే. ఒక్కసారిగా డ్రమ్సు, పాడే గొంతు, కీబోర్డు అన్నీ సన్నగిల్లిపోయి ఒక్క గిటార్ మాత్రం మిగిలింది. పనిచేస్తోందంటూ మెకానిక్ బొటనవేలు చూపించి మీట మళ్ళీ మధ్యకు తిప్పబోతే, ఉంచమన్నాను. కొత్త స్పీకర్ రబ్బరు వాసన, పక్క షెడ్డులో టైర్లకు గాలి కొడుతున్న చప్పుడు, వీటి మధ్య తలుపు పట్టుకుని నిలబడి ఆ గిటార్ అయిపోయేదాకా విన్నాను. అతను నన్ను ఎలా చూసుంటాడో ఊహించుకోగలను. కానీ ఆ గిటార్ నాకు ఉత్త గిటార్ కాదు. దాని సంగతి చెప్పాలంటే ముందు భాస్కరం గారిని మీకు పరిచయం చేయాలి.

2007లో నేను కాంట్రాక్టు మీద ఈ దేశం వచ్చాను, బెంటన్‌విల్ అనే ఊరికి. సాఫ్ట్‌వేర్‌ను జనం మీదకు వదిలే ముందు అందులో తప్పులు పట్టుకోవడం నా పని. టెస్టర్‌ని. ఆ ఊళ్ళో కారు లేకపోతే పాలు కూడా తెచ్చుకోలేం, నాకేమో కారూ లేదు, లైసెన్సూ లేదు. మా టెస్టింగ్ టీమ్ లీడ్ భాస్కరం గారు. భీమవరం మనిషి, యాభై దాటినవారు, ఇస్త్రీ చొక్కా తప్ప వేసుకోనివారు. మా అపార్ట్‌మెంట్ ఆయన దారిలోనే ఉండటంతో పొద్దున్న ఏడూ ఇరవైకి నన్ను ఎక్కించుకునేవారు. మొదటి రోజు కారెక్కగానే ఆయన ఏ పాత పాటలో పెడతారనుకున్నాను. పెట్టింది వింటే, పై వాటాలో వాళ్ళు ఇల్లు మారుతున్నారేమో అనిపించింది. ప్రోగ్రెసివ్ రాక్ అంటారట. ఒక్కో పాట ఇరవై నిమిషాలు. ఆఫీసు వచ్చింది, కారు ఆగింది, పాట మాత్రం ఆగలేదు.

"సార్, ఎనిమిదింటికి కాల్ ఉన్నది" అన్నాను.

"కాల్ రోజూ ఉంటుందమ్మా. ఇంకా నాలుగు నిమిషాలుంది, కూర్చో. మధ్యలో లేవకూడదు."

పార్కింగ్‌లో అందరూ మమ్మల్ని చూస్తూ పోతున్నారు. నాలుగు నిమిషాలయ్యాక ఆయన తాళం తీసి, నా వైపు తిరిగి, "ఏం విన్నావు?" అన్నారు. బాగుందన్నాను. ఇంకేమంటాను, బాస్ కదా. ఆయన తల అడ్డంగా ఊపారు. "బాగుందో లేదో నేనడగలేదు. బగ్ రిపోర్ట్‌లో 'బాగోలేదు' అని రాసి ఊరుకుంటావా? ఎన్నో నిమిషంలో ఏం జరిగిందో రాస్తావా? అలా చెప్పు." ఇరవై నిమిషాలు పక్కనే కూర్చుని నేను ఒక్క ముక్క వినలేదని అప్పుడు తెలిసింది.

ఆ సంగీతం కూర్చి గిటార్ వాయించినాయన మిచిగన్‌లో ఏదో చిన్న ఊళ్ళో ఉంటాడు. పేరు రాయను. రాస్తే వెతుకుతారు, వెతికితే అరవై పైచిలుకు ఆల్బమ్‌లు బయటపడతాయి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నన్ను తిట్టుకుంటారు. ఏడాదికి రెండు చేసేవాడు, ఒక్కో ఏడు మూడు. రేడియోలో రాడు, టీవీలో కనపడడు. సీడీలు తనే అట్టపెట్టెల్లో సర్ది తపాలా కట్టేవాడు. భాస్కరం గారు ఆయన్ని, సొంత మేనమామ గురించి చెప్పినట్టు, "మా పెద్దాయన" అనేవారు. వినేవాళ్ళు ఇంత తక్కువమంది ఉంటే ఇన్ని ఎందుకు చేస్తాడని అడిగితే, "అదే నాకూ తెలియాలి, అందుకే వింటున్నాను" అన్నారు.

నెమ్మదిగా నాకూ చెవులు తెరుచుకున్నాయి. ఒక పాటకు చప్పట్లు కొడదామని చూశాను, మా కరీంనగర్‌లో బతుకమ్మ చుట్టూ తిరుగుతూ కొట్టినట్టు. ఎంత సరిచేసుకున్నా ప్రతి చుట్టుకూ ఒక చప్పట మిగిలిపోతోంది. "ఏడున్నయ్ సార్! ఎనిమిది కాదు, ఏడే ఉన్నయ్!" అని అరిచాను. ఆయన సంతోషంతో స్టాప్ సైన్ దగ్గర ఆగకుండా దాటేశారు. అంత నియమం గల మనిషి! ఆ సాయంత్రం ఇంటర్నెట్‌లో ఉన్న పెద్దాయన అభిమానుల ఫోరంలో నా బతుకమ్మ చప్పట్ల సంగతి రాశారు. నన్నూ అందులో చేర్చారు. దేశమంతా కలిపి రెండు మూడు వందల మంది ఉండే గుంపు అది. పని అయ్యాక వచ్చి, ఫలానా పాటలో ఫలానా చోట ఏముందో మాట్లాడుకునేవారు. వాళ్ళలో భాస్కరం గారిది పెద్దపీట. కొత్త ఆల్బమ్ రాగానే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మూడుసార్లు విని, నిమిషాలూ సెకన్లూ వేసి నోట్సు రాసేవారు. ఒకసారి ఒక పాట పదకొండో నిమిషంలో కుర్చీ కిర్రుమన్నదని రాస్తే, పెద్దాయనే స్వయంగా ఫోరంలోకి వచ్చి, "అది మా వంటింటి కుర్చీ. నేను రికార్డ్ చేసిన ఇన్నాళ్ళకు ఒక్కరు విన్నారు" అని జవాబిచ్చాడు. ఆ రోజు నుంచి భాస్కరం గారి మాట ఫోరంలో శాసనం.

"ఆయనింట్లో కుర్చీ కిర్రుమంటే ఈయనకి వినపడుతుంది. నేను వంటింట్లోంచి గొంతు చించుకున్నా వినపడదు" అనేవారు వాళ్ళావిడ లలిత ఆంటీ. మేమందరం నవ్వేవాళ్ళం.

2011లో వచ్చిన ఆల్బమ్‌తో వచ్చింది చిక్కు. నాలుగో పాటలో మూడో నిమిషం నుంచి రెండు గిటార్లు ఉన్నాయని సీడీతో వచ్చిన పుస్తకంలో ఉంది, వినపడేది ఒకటే, సీడీ తయారీలో ఏదో పొరపాటు జరిగింది అని భాస్కరం గారు రాశారు. గంట తిరక్కుండా జవాబులు. నేనూ చూశాను, లేదు. నేనూ చూశాను, లేదు. నా సీడీ అప్పటికి కవరు కూడా తీయకుండా వంటింటి గట్టు మీద ఉంది. ఆఫీసులో ఆ వారం ఊపిరాడని పని. మధ్యాహ్నం అన్నం తింటూ ఫోరం తెరిచి, బగ్ రిపోర్టుల్లో రాసే అలవాటు కొద్దీ, "చెక్ చేశాను. లేదు" అని కొట్టేశాను. ఆయన విన్నాక ఇక నేను వినేదేముంది అనుకున్నాను. అసలు సంగతి వేరే ఉంది, దాచను. ఆయన పక్కన నా పేరూ కనపడాలనుకున్నాను.

రెండు రోజుల్లో పెద్దాయన, ఇంతమంది లేదన్నాక నిజమే అనుకుని, పంపాల్సిన సీడీలన్నీ ఆపేస్తున్నాననీ, మళ్ళీ అచ్చు వేయిస్తాననీ ఫోరంలో రాశాడు.

శనివారం సరుకులకు వెళ్తూ నా సీడీ కవరు చించాను. అప్పటికి నాకు సొంత కారు వచ్చింది. నాలుగో పాట, మూడో నిమిషం. నా ఎడమ మోకాలి పక్కనుంచి, తలుపులోంచి, రెండో గిటార్ వినపడింది. సన్నగా కూడా కాదు, స్పష్టంగా. రోడ్డు పక్కన కారు ఆపి మళ్ళీ విన్నాను. ధ్వని ఎడమకు తిప్పాను, ఉంది. కుడికి తిప్పాను, లేదు. అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మీటింగ్‌లో ఆయన ఎప్పుడూ బల్లకు ఎడమ చివర కూర్చుంటారు. ఫోన్ కుడి చెవికే పెట్టుకుంటారు. నాలుగేళ్ళు ఆయన కారులో కుడి పక్కన కూర్చుని మాట్లాడాను కనుక నా మాటలన్నీ ఆయనకు వినపడ్డాయి. సరుకులు కొనకుండానే కారు వెనక్కి తిప్పాను.

ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. లలిత ఆంటీ ఉప్మా చేస్తున్నారు.

"సార్, ఆ రెండో గిటార్ ఉన్నది" అన్నాను.

"ఎక్కడుందమ్మా? మూడుసార్లు విన్నాను." హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కళ్ళు మూసుకుని విన్నారు. "లేదు."

"ఒక్కసారి అటుదిటు తిప్పి పెట్టుకోండి సార్."

తిప్పి పెట్టుకున్నారు. మూడో నిమిషం దగ్గర ఆయన ముఖం వెలిగిపోయింది. "వచ్చింది! అబ్బ, ఎంత బాగా వాయించాడమ్మా, ఇది ఆ మొదటిదాన్ని తరుముతోంది చూడు!" అని నా చెయ్యి పట్టుకున్నారు. పాట అయ్యేదాకా అలా నవ్వుతూనే ఉన్నారు. అయ్యాక ఆ చెయ్యి మెల్లగా ఎడమ చెవి మీదకు వెళ్ళింది. వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

కాసేపటికి ఆయనే అడిగారు, ఏ అనుమానమూ లేకుండా, తెలుసుకుందామనే: "నువ్వూ చెక్ చేశానన్నావు కదా. ఏ స్పీకర్లలో విన్నావు?"

"వినలే సార్."

"అంటే?"

"కవర్ గూడ తియ్యలే. మీరు చెప్పిన్రు గదా అని..."

ఆయనకు కోపం రాలేదు. వస్తే బాగుండేది. "నాకంటే చెవి పనిచెయ్యక వినపడలేదు. మీకందరికీ ఏమొచ్చిందమ్మా?" అన్నారు. అది తిట్టు కాదు, నిజంగా ఆయనకు అర్థం కాలేదు. రెండేసి చెవులున్న పదకొండు మంది, ఉన్న గిటార్‌ను లేదని రాశారు. వెంటనే ఫోరంలో రాయడానికి కూర్చున్నారు. నాకు ఆయన పరువు గురించి బెంగ పట్టుకుంది. మీ హెడ్‌ఫోన్స్ వైరు ఊడిందని రాయండి సార్, అన్నాను. "వైరేం పాపం చేసిందమ్మా?" అని, ఉన్నదున్నట్టు రాశారు: రికార్డులో తప్పు లేదు, నా ఎడమ చెవి పనిచేయడం మానేసింది, నేను గమనించుకోలేదు, పెద్దాయనకు నా క్షమాపణ. నేను ఇంటికొచ్చి మొదట చేసిన పని, "చెక్ చేశాను. లేదు" అన్న నా మాటను అక్కడినుంచి చెరిపేయడం. తెల్లారేసరికి మిగతా పదిమందీ అదే పని చేశారు.

సోమవారం పొద్దున్న ఆఫీసు పార్కింగ్‌లో ఆయన వచ్చి నా కారు తలుపు తీసి పక్క సీట్లో కూర్చున్నారు.

"నీ మాట తీసేశావు. అందరూ తీసేశారు. ఇప్పుడు కొత్తవాళ్ళెవరైనా చూస్తే, ఒక చెవిటివాడు తప్ప ఇంకెవరూ పొరపాటు పడనట్టుంది."

పని ఒత్తిడి అనీ, టెస్టర్‌గా నాకు చెడ్డపేరు వస్తుందనీ ఏదో సణిగాను. నా పక్క సీట్లో కూర్చుంటే ఆయన ఎడమ చెవి నా వైపు ఉంటుంది. "ఏమన్నావు?" అన్నారు, తల పూర్తిగా నా వైపు తిప్పి. ఆ సాకును రెండోసారి, గట్టిగా చెప్పడం నా వల్ల కాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. మధ్యాహ్నం నా పూర్తి పేరుతో రాశాను: తప్పులు పట్టడం నా ఉద్యోగం, వినకుండానే విన్నానని రాశాను. సాయంత్రానికి ఇంకో నలుగురు అలాగే రాశారు. పెద్దాయన ఎవర్నీ ఏమీ అనలేదు, ఆపిన సీడీలు పంపడం మొదలుపెట్టాడు.

చెవి తిరిగి రాదని డాక్టర్లు చెప్పారు. భాస్కరం గారు దిగులుపడింది మహా అయితే ఒక నెల. ఆ తర్వాత అరవై ఆల్బమ్‌లూ మొదటి నుంచి పెట్టుకుని, హెడ్‌ఫోన్స్ తిరగేసుకుని వినడం మొదలుపెట్టారు. ఎడమ వైపున ఉన్నవన్నీ కుడి చెవితో వింటే అవే పాటలు కొత్తగా ఉన్నాయట. "ఇన్నేళ్ళూ ఈ చెవికి వీటి సంగతే చెప్పలేదు నేను" అనేవారు. ఎప్పటినుంచి వినపడటం మానేసిందో పట్టుకుందామని తన పాత నోట్సులు కూడా తవ్వారు. ఏ ఏడాది నుంచి ఎడమవైపు సంగతులు రాయడం తగ్గిందో గుర్తించి, తనే ఒక బగ్ రిపోర్ట్ అయినట్టు నాకు చూపించారు. "ఇంత శ్రద్ధ నా మాట మీద ఉంటేనా" అన్నారు ఆంటీ, ఈసారి ఆయన కుడి పక్కకు వచ్చి మరీ.

నేను క్యారీకి మారిపోయాను. ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఫోరంలో వాళ్ళు ఆయన నోట్సులన్నీ చేర్చి చిన్న పుస్తకం వేస్తున్నారు. ముందుమాట పెద్దాయన రాస్తున్నాడు. పని చూస్తున్నది భాస్కరం గారి అమ్మాయి మేఘన, ఇక్కడే పుట్టిపెరిగిన పిల్ల. మొన్న ఫోన్ చేసింది.

"అక్కా, ఆ గిటార్ మిస్సింగ్ అని రాసిన నోట్ ఉంది కదా. అది తీసేద్దామా? డాడీ రాంగ్ అయింది అది ఒక్కటే. అందరూ అదే రిమెంబర్ చేస్తారు."

"తియ్యకు మేఘనా. ఉండనీ. దాని కింద డాడీ రాసిన సారీ పెట్టు."

"ఓకే."

"దాని కింద నాది పెట్టు."

"నేమ్‌తోనా అక్కా? నీ ఆఫీస్‌లో వాళ్ళు చూస్తే?"

ఇప్పుడు నేనే లీడ్‌ని. తొమ్మిదిమంది టెస్టర్లు రోజూ నా ముందు కూర్చుని, చెక్ చేశామని చెప్తారు, నేను నమ్ముతాను. నాకు భయం వేయలేదని అబద్ధం చెప్పను.

"పేరుతోనే పెట్టు" అన్నాను. "అక్కడ మీ డాడీ ఒక్కరే ఉండొద్దు."