చప్పుడు లేని అడుగులు

ఆ మధ్యాహ్నం నందిగామలో మా ఇంట్లో అన్నం తింటున్నాను. నా భార్య సుగుణ వెనకనుంచి వచ్చి పప్పు వడ్డించబోయింది. మరుక్షణం గిన్నె ఎగిరి గోడకు కొట్టుకుంది. ఆమె మణికట్టు నా పిడికిట్లో ఉంది. గుండె దడదడలాడుతోంది, ఒళ్లంతా చెమట. "ఏవండీ, నేనండీ!" అంటోంది సుగుణ. ఆమేనని తెలుస్తూనే ఉంది, చెయ్యి మాత్రం వదలలేకపోయాను.

డెబ్బైల చివరి సంవత్సరాలవి. అప్పటికి ఓడ దిగి ఇంటికొచ్చి నెల కూడా కాలేదు. సరుకు ఓడ పైభాగంలో, డెక్కు మీద పని చేసేవాణ్ణి. పశ్చిమ ఆఫ్రికాలో ఒక రేవు బయట సిమెంటు బస్తాలతో వారాల తరబడి లంగరేసుకుని ఉన్నాం. ఆ దేశంవాళ్లు దించుకోగలిగినదానికన్నా ఎక్కువ సరుకు తెప్పించుకున్నారు. చోటు లేక ఓడలన్నీ సంతలో ఎడ్లబండ్లలా నిలిచిపోయాయి. ఒడ్డున పనిలేని కుర్రాళ్లు, కాపలా లేని సముద్రం, కదలని ఓడలు. దొంగతనానికి ఇంకేం కావాలి? ఒక తెల్లవారుజామున పడవల మీద వచ్చి ఎక్కారు. ఒకడు వెనకనుంచి నా తల మీద కత్తితో కొట్టాడు. మోకులు, పెయింటు డబ్బాలు పట్టుకుపోయారు. నన్ను కొట్టినవాడు నా చొక్కా కూడా విప్పుకుపోయాడు. వాడి పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, అంత బక్కగా ఉన్నాడు.

కేసు పెడితే ఓడ ఆగుతుంది, కంపెనీకి నష్టం. అందుకని నేను కాలుజారి పడ్డానని రాయించాడు కెప్టెన్. కుట్లు వేయించి ఇంటికి పంపారు. ఇక్కడ చెబితే, "ఈ కాలంలో సముద్రపు దొంగలేంట్రా, సినిమా కథలు చెప్పకు" అని నవ్వారు. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఇక చెప్పడం మానేశాను.

నందిగామ డాక్టరుగారు బీపీ చూసి "గ్యాస్ అయ్యుంటుంది" అన్నారు. విజయవాడలో ఈసీజీ తీసి "హార్ట్ నార్మల్" అన్నారు. తలకు ఎక్స్‌రే, అదీ నార్మలే. బీకాంప్లెక్స్ ఇంజెక్షన్లు, నిద్రమాత్రలు ఇచ్చారు. కాస్త తేరుకున్నాననుకుని మళ్లీ ఓడెక్కడానికి బొంబాయి బయల్దేరాను. రైల్లో ఎవరో వెనకనుంచి భుజం తట్టి చోటడిగితే కళ్లు తిరిగి పడిపోయాను. మధ్యలోనే దిగి ఇంటికొచ్చేశాను.

"పిల్లోడు దడుసుకున్నాడు, ఇంట్లో అలికిడి కాకూడదు" అని తీర్మానించింది మా అమ్మ మరియమ్మ. దడుసుకున్న మనిషి దగ్గర మావాళ్లు అలాగే మసులుతారు. సుగుణ కాళ్లపట్టీలు తీసేసింది. పిల్లలు మునివేళ్ల మీద నడిచేవారు. తలెత్తేసరికి ఎవరో ఒకరు పక్కన నిలబడి ఉండేవారు. వాళ్లు ఎంత ప్రేమగా మసిలితే నాకంత దడ ఎక్కువయ్యేది. రోజంతా గోడకు వీపు ఆనించుకుని కూర్చునేవాణ్ణి. పిల్లలు నా దగ్గరికి రావడం తగ్గించారు. ఇంటినిండా మనుషులున్నా ఓడ మీదకన్నా ఒంటరినైపోయాను. ఏడుపొచ్చేది.

ఏడాది తర్వాత గుంటూరులో సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లారు. పిచ్చి డాక్టరెందుకని మొండికేశాను. ఆయన బీపీ చూడలేదు. "అసలు ఆ రోజు ఏం జరిగింది?" అన్నారు. ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే. అంతా చెప్పాను.

"వాళ్లు ఎక్కుతుంటే వినపడలేదా?"

"వట్టికాళ్లతో వచ్చారండీ. డెక్కు మీద మేమందరం బూట్లేసుకుంటాం. వాళ్ల అడుగే వినపళ్లేదు."

"ఇంట్లో ఎలా చూసుకుంటున్నారు?"

"అడుగు చప్పుడు కూడా కాకుండా చూసుకుంటున్నామండీ" అంది అమ్మ గర్వంగా.

ఆయన రాయడం ఆపి అమ్మ వంక చూశారు. "మీ అబ్బాయిది యాంగ్జైటీ న్యూరోసిస్ అమ్మా, భయం వల్ల వచ్చిన జబ్బు. మాత్రలిస్తాను. మీరు మాత్రం ఇంట్లో చప్పుడు చెయ్యండి."

ఎవరైనా చెప్పులతో గడప దాటితే ఊరుకోని అమ్మ, మర్నాటినుంచి హవాయి చెప్పులతో టపటపమంటూ ఇల్లంతా తిరిగింది. "నేన్రా, అమ్మని! పెరట్లోంచి వస్తున్నా!" అని ముందే కేకేసేది. ఓ రోజు నాకు నవ్వొచ్చింది. అది విని వంటింట్లోకెళ్లి ఏడ్చింది.

మాత్రలు మధ్యలో మానేస్తే ఒకసారి తిరగబెట్టింది. మళ్లీ మొదలుపెట్టి చాలాకాలం వాడాను. ఓడ ఆశ వదులుకున్నాను. ఇప్పుడు జగ్గయ్యపేటలో ఇనప సామాన్ల కొట్లో పని. రోజంతా మోతే, నాకదే హాయి. ఒంటరితనం పూర్తిగా పోలేదు. ఈ ఊళ్లో ఆ తెల్లవారుజాము గురించి మాట్లాడుకోవడానికి ఇంకొకడు లేడు. తెలిసినవాడల్లా నా చొక్కా పట్టుకుపోయినవాడే.

ఇలాంటి మనిషి మీ ఇంట్లో ఉంటే, రిపోర్టులన్నీ నార్మల్ అని వదిలెయ్యకండి. ఎదురుగా కూర్చుని ఏం జరిగిందో అడగండి, చెప్పింది నమ్మండి. మా అమ్మ ఆ రోజు గుంటూరునుంచి తిరిగొచ్చే బస్సులో అడిగింది, "వాడు కొట్టినప్పుడు నన్ను పిలిచావా నాయనా?" అని.

పిలిచానని చెప్పాను.